ట్యాంకు మూత ఎత్తకండి: కలకత్తా ఫ్లాట్ల కమిటీలకు ఉచిత సలహాలు

కలకత్తాకు బదిలీ మీద వచ్చిన తెలుగువాళ్ళు లారీలోంచి సామాను దించీ దించకముందే అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇక్కడి కుళాయి నీళ్ళు తాగొచ్చాండీ?" గార్డెన్ రీచ్ రైల్వే హెడ్డాఫీసుకు వచ్చినవాళ్ళూ అడుగుతారు, సాల్ట్‌లేక్ సాఫ్ట్‌వేర్ పిల్లలూ అడుగుతారు. పదహారు ఫ్లాట్ల మా బిల్డింగుకు సెక్రటరీని గనక జవాబు చెప్పే భారం నా నెత్తిన పడింది. సెక్రటరీ పని నీళ్ళు బాగుచెయ్యడం కాదు, నీళ్ళ గురించి ప్రశ్నలు రాకుండా చూసుకోవడం. ఈ విద్యలో నాకు అబ్బినదంతా మీ కమిటీల ఉపయోగార్థం ఇక్కడ పెడుతున్నాను.

1. చరిత్ర చెప్పండి, ట్యాంకు చూపించకండి

ఎవరైనా నీళ్ళ సంగతి ఎత్తగానే పల్తా నుంచి మొదలుపెట్టండి. హుగ్లీ నీళ్ళను పల్తాలో ఇసుక పడకల మీద వడకట్టి ఊరికి పంపడం 1870 నాటి ఏర్పాటు. పక్కనే టిటాగఢ్. అక్కడి జూట్ మిల్లుల్లోకి మన శ్రీకాకుళం, గంజాం వాళ్ళు నూరేళ్ళ కిందటే వలస వచ్చారనీ, అందులో బతికినవాళ్ళందరూ బాగానే బతికారనీ చెప్పండి. తర్వాత తాళా ట్యాంకు. 1911 నుంచి నేలకు 110 అడుగుల ఎత్తున నిలబడి ఉన్న ఇనప గంగాళం, 90 లక్షల గ్యాలన్లు పడుతుంది. లోపల నాలుగు గదులు. ఒకటి ఖాళీ చేసి కడుగుతున్నా మిగిలిన మూడూ ఊరికి నీళ్ళిస్తూనే ఉంటాయి.

ఇక్కడ ఆపెయ్యండి. మన ట్యాంకుకు ఉన్నది ఒకటే గది. కడగాలంటే ఒక పూట నీళ్ళు ఆపాలి, ఆపితే మూడో అంతస్తు వదినగారు ఊరుకోరు. అందుకే మన ట్యాంకు కడగనక్కర్లేని రకం అని నిర్ణయించేశాం. ఎవరో కుర్రాడు మూత ఎత్తి సెల్‌ఫోన్ లైటు వేస్తే అడుగున రెండు వేళ్ళ మందాన మెత్తటి బురద, దాని మీద పాము మెలికలాంటి గీతలు, ఓ మూలన పావురం ఈక కనిపించాయట. ఆ రోజు నుంచీ మూతకు తాళం వేశాం. తాళంచెవి ఎక్కడుందో అడక్కండి.

2. సంపు మూత నేలమట్టానికే ఉంచండి

కింద సంపు మూతను నేల మీద నుంచి జానెడు ఎత్తు లేపి కట్టాలని మేస్త్రీ అంటాడు. వినకండి. కార్లు పెట్టుకోవడానికి అడ్డం. వానాకాలంలో సందంతా మోకాలి లోతు నీళ్ళు నిలవడం ఈ ఊళ్ళో మామూలే. ఆ నీళ్ళు డ్రైనేజీని కలుపుకుని పార్కింగులోకి వస్తాయి, సంపు నిండుతుంది. కార్పొరేషన్ రాకముందే సంపు నిండిందంటే అంతకన్నా ఏం కావాలి? వాన వెలిశాక సంపు తోడించి, రుద్ది, బ్లీచింగ్ వేసి, మళ్ళీ నింపుకొనే బిల్డింగులు కొన్ని ఉన్నాయి. వాళ్ళకు వేరే పనుల్లేవు.

1884లో రాబర్ట్ కాక్ కలరా క్రిమిని పట్టుకున్నది ఈ ఊళ్ళోనే, రోగుల్లోనూ ఒక చెరువు నీళ్ళలోనూ. జనం అందులోనే బట్టలుతికి, అవే నీళ్ళు తాగేవారు. ఆ చెరువు అందరికీ కనపడేది కాబట్టి దొరికిపోయింది. సంపుకు ఆ ఇబ్బంది లేదు.

3. ఫెరూల్ శుభ్రం చేయించకండి, మోటారు బిగించండి

వీధిలోని పెద్ద పైపుకూ మన బిల్డింగు పైపుకూ నడుమ బొటనవేలంత ఇత్తడి ముక్క ఉంటుంది. అదే ఫెరూల్. కలకత్తాలో కాపురం చేసేవాడికి దేవుడి పేరు తర్వాత తెలియాల్సిన పేరు. అందులో ఒండ్రు పేరుకుంటే నీళ్ళు సన్నగా వస్తాయి. కార్పొరేషన్‌కు అర్జీ పెట్టి శుభ్రం చేయించుకోవచ్చు. కానీ అర్జీ రాయాలి, తిరగాలి. దానికన్నా పైపుకే నేరుగా మోటారు తగిలించి లాగెయ్యడం సులువు. చట్టం ఒప్పుకోదు. తెల్లవారుజామున నాలుగింటికి చట్టం నిద్రపోతుంది.

ఇందులో ఇంకో సుగుణం ఉంది. కార్పొరేషన్ నీళ్ళు రోజంతా రావు, వేళకు వస్తాయి. రాని వేళ పైపులో ఒత్తిడి ఉండదు. పైపు పాతది, ఎక్కడో పగులుంటుంది, పక్కనే మురుగుకాలవ ఉంటుంది. ఒత్తిడి ఉంటే లోపలి నీళ్ళు బయటికి కారతాయి, లేకపోతే బయటివి లోపలికి వస్తాయి. మనం మోటారుతో లాగితే రావడానికి మొహమాటపడేవి కూడా వచ్చేస్తాయి. మన వాటాయే కాదు, పక్క బిల్డింగు వాటా కూడా కలిసొస్తుంది. వాళ్ళూ మోటారు పెట్టుకుంటే అది వాళ్ళ స్వార్థం.

గేటు బయట టైమ్ కల్, అంటే వేళకు నీళ్ళొచ్చే వీధి కుళాయి, దగ్గర బస్తీవాళ్ళు బిందెలు వరసగా పెట్టి, వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పట్టుకుపోతారు. పైపు బాగున్న రోజుల్లో పల్తా నీళ్ళు తాజాగా తాగేది వాళ్ళే. మనం వాటినే సంపులో ఓ రోజు, ట్యాంకులో రెండ్రోజులు మాగబెట్టుకుని తాగుతాం. హోదా అన్నాక ఆ మాత్రం ఉండాలి.

4. బ్లీచింగ్ వాసనొస్తే గొడవ చెయ్యండి, పోతే సంతోషించండి

కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశపు తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, చెబుతుంది. దారిలో ఏ మురికి కలిసినా దాని పని పట్టడానికి ఆ మిగులు. చిన్న గొట్టంలో నీళ్ళు పట్టి ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే లేత పసుపు తిరుగుతుంది. రంగు రాలేదంటే కాపలావాడు డ్యూటీ దిగి వెళ్ళిపోయాడన్న మాట. మా ట్యాంకులోని బురదకు క్లోరిన్ అంటే మహా ఆకలి, వంటింటి కుళాయి దాకా ఏమీ మిగల్చదు. "మీ బిల్డింగు నీళ్ళకు వాసనే లేదండీ" అని చుట్టాలు మెచ్చుకుంటారు. మెచ్చుకోనివ్వండి.

5. కళ్ళతో పరీక్షించండి

గాజుగ్లాసులో నీళ్ళు పోసి కిటికీ దగ్గర పెట్టి చూడండి. తేటగా ఉంటే మంచివి. ఎండాకాలం కార్పొరేషన్ నీళ్ళు చాలక దక్షిణ కలకత్తాలో కొన్ని బిల్డింగులు సొంత బోరు వేసుకుంటాయి. ఆ నీళ్ళు అద్దంలా ఉంటాయి. ఆర్సెనిక్ కూడా అద్దంలాగే ఉంటుంది. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. నల్లగొండ ఫ్లోరైడు గురించి విన్నవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పశ్చిమ బెంగాల్ పల్లెల నుంచి వచ్చిన రోగుల చర్మం మీద మచ్చలు చూసి, ఇది నీళ్ళ ఆర్సెనిక్ అని ఇక్కడి స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో డాక్టర్ కె.సి. సాహా 1983లో తేల్చారు. ఆ తర్వాత జాదవ్‌పూర్ యూనివర్సిటీలో దీపాంకర్ చక్రవర్తి ఏళ్ళ తరబడి ఊరూరా బోరు నీళ్ళు పరీక్షించారు. లీటరుకు 0.01 మిల్లీగ్రాములు దాటకూడదట. అంత చిన్న అంకెకు భయపడతామా?

మరీ అనుమానమైతే మరిగించండి. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఆర్సెనిక్ చావదు. నీరు ఆవిరై మరికాస్త చిక్కబడుతుంది. చిక్కగా ఉన్నదేదైనా మంచిదే కదా, పాలతో సహా.

6. జారు కొనేటప్పుడు ధర చూడండి, సీలు చూడకండి

ఇరవై లీటర్ల జారు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 14543 అన్న అంకె, తయారైన తేదీ, చెక్కుచెదరని సీలు ఉంటే మంచిదంటారు. అవన్నీ ఉన్నది ఖరీదెక్కువ. ఏమీ లేనిది సైకిల్ రిక్షా మీద చవగ్గా వస్తుంది. దాన్ని ఎక్కడ నింపారో అడిగితే తెచ్చే కుర్రాడు నవ్వుతాడు. ఆ నవ్వును నమ్మండి. ఇంట్లో ఫిల్టరుంటే క్యాండిల్ మార్చే తేదీ మర్చిపోండి. నల్లబడ్డ క్యాండిల్ బాగా పనిచేసిన క్యాండిల్.

7. కడుపు చెడితే పుచ్‌కా మీద తోసెయ్యండి

ఇది అతి ముఖ్యం. ఒకే వారంలో రెండో ఫ్లాటులో పిల్లాడికీ, ఆరో ఫ్లాటులో బాబాయిగారికీ, పదో ఫ్లాటులో కొత్త కోడలికీ విరేచనాలైతే, ముగ్గురినీ విడివిడిగా పరామర్శించండి. పుచ్‌కా (మన పానీపూరీయే) తిన్నారా అని అడగండి. కలకత్తాలో ఎవరూ కాదనలేరు. ముగ్గురినీ ఒకచోట కూర్చోబెడితే మాత్రం ప్రమాదం. 1854లో లండన్‌లో జాన్ స్నో అనే డాక్టరు కలరా చావుల లెక్క తీస్తే అవి దాదాపు అన్నీ ఒక వీధి పంపు చుట్టూ తేలాయి. ఆ పంపు హ్యాండిలు ఊడదీయించాడు, తర్వాత ఆ చావులను పటం మీద గుర్తుపెట్టాడు. మన లిఫ్టు పక్క నోటీసుబోర్డు మీద అలాంటి పటం ఎవరూ గీయకుండా చూసుకోవాలి. 2018లో గుంటూరులో తాగునీటి పైపుల్లో మురుగు కలిసి అతిసారంతో మనుషులు పోయారు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఇక్కడ బాఘా జతిన్, జాదవ్‌పూర్ వైపు జనం గుంపులుగా కడుపు జబ్బుతో పడితే అనుమానం నీళ్ళ మీదికే వెళ్ళింది. ఎవరు, ఏ రోజు, ఏ కుళాయి అని రాసుకోవడం మొదలైతే సెక్రటరీలకు నిద్ర ఉండదు.

8. విరేచనాలవుతుంటే నీళ్ళు మాన్పించండి

"తాగితే ఇంకా అవుతాయి" అన్నది మా అత్తగారి సిద్ధాంతం. దీన్ని పాడుచేసింది కూడా ఒక కలకత్తా డాక్టరే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబీస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి, రోగుల బంధువుల చేతే తాగించారు. వందకు ముప్ఫైమంది పోయేచోట చావులు నలుగురి లోపుకు దిగాయి. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి. వంటింట్లో ఉన్నవాటితో ఇంత సులువుగా అయిపోయే వైద్యాన్ని మనలాంటి చదువుకున్నవాళ్ళం ఎలా నమ్ముతాం?

9. నీళ్ళ పరీక్షకు ఒక్కటే సీసా పంపండి

ఎవరో రిటైరైన మేస్టారు పట్టుబట్టి "ల్యాబుకు పంపాల్సిందే" అంటారు. పంపండి. కానీ సీసాను ఫెరూల్ దాటగానే ఉన్న కుళాయి దగ్గర, నీళ్ళొచ్చే వేళ నింపండి. వంద మిల్లీలీటర్లలో ఒక్క ఈ-కోలై కూడా ఉండకూడదన్నది ప్రమాణం. అక్కడి నీళ్ళు చాలాసార్లు గట్టెక్కుతాయి. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి గోడకు తగిలించండి.

వంటింటి కుళాయి నుంచి రెండో సీసా మాత్రం పంపకండి. మొదటిది పాసై రెండోది ఫెయిలైతే, మురికి ఎక్కడ కలిసిందో చిన్నపిల్లాడైనా చెబుతాడు. ఫెరూల్‌కూ వంటింటికీ మధ్య ఉన్నవి మన సంపు, మన మోటారు, మన ట్యాంకు. ఆ తర్వాత కార్పొరేషన్‌ను తిట్టడానికి వీలుండదు. ట్యాంకు కడిగే మనిషికి ఇచ్చే కూలీని పదహారు వాటాలు వేసి వసూలు చెయ్యాల్సొస్తుంది. మన బిల్డింగులో కలరాకు భయపడనివాళ్ళు ఉన్నారు గానీ, వసూళ్ళకు భయపడనివాళ్ళు ఒక్కరూ లేరు.