మా మావగారు చదివిన ఒప్పందం

ఎవరూ చదవని సాహిత్యం ఒకటుంది. కొత్త కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే లైసెన్సు ఒప్పందం. రాసిన లాయరు తప్ప ఇంకెవరైనా దాన్ని చివరిదాకా చదివిన దాఖలా లేదు. ఆ లోటు మా మావగారు తీర్చారు. ముప్పయ్యేళ్లు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజులు చూసి రిటైరైన మనిషి. శుభలేఖ చేతికిచ్చినా ముందు హద్దులు వెతుకుతారు.

కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ ఒప్పందం కనిపించగానే, అలవాటు కొద్దీ ‘యాక్సెప్ట్’ నొక్కబోయాను. మౌస్ మీద చెయ్యి పట్టుకుని ఆపేశారు. కళ్లజోడు తుడుచుకుని మొదటి పేరా నుంచి మొదలుపెట్టారు. కాఫీ చల్లారింది. వేడి చేసి తెస్తే మళ్లీ చల్లారింది. ఆఖరికి తలెత్తి తేల్చారు:

“ఇది క్రయ దస్తావేజు కాదు అల్లుడుగారూ, అద్దె కాగితం.”

వేలుపెట్టి మరీ చూపించారు. సాఫ్ట్‌వేర్ మీకు అమ్మడం లేదు, వాడుకోవడానికి లైసెన్సు మాత్రమే ఇస్తున్నాం అని ఒకచోట. అప్‌డేట్లు వాటంతటవే వస్తాయి, ప్రతిసారీ వేరే చెప్పకపోయినా మీరు ఒప్పుకున్నట్టే అని ఇంకోచోట.

“అంటే ఓనరు తోచినప్పుడల్లా వచ్చి సున్నాలు వేయిస్తాడు. మనం సామాన్లు జరుపుకుని కూర్చోవాలి.”

“అందరూ ఒప్పుకుంటున్నదే కదండీ మావయ్యగారూ!”

“అందరూ ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం పెడితే మనమూ పెడదామా?”

ఆ పూట నుంచి ఆయనకు పాత కేసులు చదివి వినిపించడం నా ఉద్యోగమైంది. 2016లో విండోస్ 10 అప్‌గ్రేడ్‌కి ముహూర్తం కంపెనీయే పెట్టి తెర మీద చూపించేది. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి మూసేస్తే ముహూర్తం రద్దయ్యేది కాదు, ఖాయమయ్యేది. “కాగితం తిప్పి పంపితే రిజిస్టరైనట్టా?” అని మండిపడ్డారు. అడగని అప్‌గ్రేడ్ వల్ల తన పని చెడిందని కాలిఫోర్నియాలో ఒక ట్రావెల్ ఏజెన్సీ యజమానురాలు దావా వేసి 10,000 డాలర్లు గెలిచిందనీ, మైక్రోసాఫ్ట్ అప్పీలు వదులుకుందనీ చెప్పాను. అప్పుడు మావగారి ముఖంలో కనిపించిన సంతోషం నా పెళ్లిలో కూడా చూడలేదు.

అదే ఏడాది ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ సీఎన్‌ఐఎల్ కూడా మైక్రోసాఫ్ట్‌ను నిలదీసింది. జనం ఏ యాప్ పెట్టుకున్నారో, దాంతో ఎంతసేపు గడిపారో మీకెందుకంది. మరుసటి ఏడాదికల్లా కంపెనీ ఆ ప్రాథమిక సేకరణను దాదాపు సగానికి తగ్గించింది. మావగారు ఒకే ప్రశ్న వేశారు: “సగంతో పని జరిగిపోతే, మిగతా సగం ఇన్నాళ్లూ ఎందుకు పట్టుకెళ్లినట్టు?”

2024 మేలో మైక్రోసాఫ్ట్ వాళ్లు విండోస్‌కి ‘రీకాల్’ అనే సదుపాయాన్ని ప్రకటించారు. కొన్ని క్షణాలకోసారి తెరను ఫొటో తీసి, ఆ కంప్యూటర్‌లోనే దాస్తుంది. గొడవయ్యాక వాయిదా వేసి, కావాలన్నవాళ్లకే అని మార్చారు. అత్తయ్యగారికి మాత్రం తెగ నచ్చింది. “మీ మావగారు కళ్లజోడు ఎక్కడ పెట్టారో కూడా చెబుతుందా అల్లుడుగారూ?”

మ్యాక్ కొని సొంతింటివాడిలా తిరిగే మా తోడల్లుడికీ మావగారు మినహాయింపు ఇవ్వలేదు. 2020 నవంబరు 12న ఆపిల్ సర్వర్ ఒకటి నెమ్మదించింది. యాప్ తయారీదారు సర్టిఫికెట్ చెల్లుతుందో లేదో మ్యాక్‌లు దాన్నే అడుగుతాయి. అది జవాబివ్వక చాలామంది మ్యాక్‌లలో యాప్‌లు తెరుచుకోలేదు. “ఓనరు ఫోనెత్తకపోతే నీ బీరువా తెరుచుకోదన్నమాట,” అన్నారు. తోడల్లుడు పెరుగన్నం మీద శ్రద్ధ పెట్టాడు.

ఖాళీ చేసి పోదామంటే లినక్స్ ఉంది. కోడ్ కూడా చేతికిస్తారు, కావాలంటే గోడలు పడగొట్టి కట్టుకోవచ్చు. కానీ నా ఆఫీసు సాఫ్ట్‌వేర్ అందులో నడవదు. కాబట్టి ఉన్నచోటే గడియలు వేసుకున్నాం. మీరూ విండోస్ 11 సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ తెరవండి. అడ్వర్టైజింగ్ ఐడీ ఆపండి, ఆప్షనల్ డయాగ్నస్టిక్ డేటా ఆపండి. ‘రిక్వైర్డ్’ అన్నది హోమ్ ఎడిషన్‌లో ఆగదు, దానికి సంతకం ఎప్పుడో పెట్టేశాం. ఆపగలిగినవి మాత్రం రేపటికి వాయిదా వేయకండి, ఈ పూటే ఆపేయండి.