ఇంకొక్క ముద్ద పరిపాలన

మన ఇళ్లలో మూడేళ్ల పిల్లాడి నోటికి యజమాని ఎవరో భోజనాల వేళ తేలిపోతుంది. పొట్ట వాడిదే, నాలుకా వాడిదే. ఎంత పట్టాలో తేల్చేది మాత్రం నానమ్మ. "చాలు" అని వాడన్న మాట చెల్లదు. "నీ కడుపు సంగతి నాకు తెలుసులేరా, ఇంకొక్క ముద్ద" అన్నదే తుది తీర్పు. ఆ ఒక్క ముద్దకు అంతుండదు.

తీర్పు అమలుకు దశలున్నాయి. ముందు కాకి ముద్ద, పిచ్చుక ముద్ద. అవి పారకపోతే ఫోను. తెర మీద బొమ్మ గెంతుతుంటే తెరుచుకున్న నోట్లోకి పప్పన్నం జారిపోతుంది. తిన్నది పప్పో చారో వాడికి తెలియదు. గిన్నె ఖాళీ అయింది కాబట్టి ఇంటిల్లిపాదికీ పండగే. అదీ కుదరకపోతే బూచాడు, పోలీసు, సూది డాక్టరు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసులకు దొంగతనాలకన్నా పప్పన్నం కేసులే ఎక్కువ. ఆఖరి దశలో ఒకరు కాళ్లు పట్టుకుంటారు, ఒకరు బుగ్గలు నొక్కుతారు. వాడు కక్కుతాడు. "కావాలని కక్కాడు" అని వీపు మీద ఒకటి పడుతుంది. దీనికి మనం పెట్టుకున్న పేరు ప్రేమ.

అమెరికాలో చిన్నపిల్లల మీద ఓ అధ్యయనం చేసి 2006లో ప్రచురించారు. పిల్లల ముందు సూపు పెట్టి, "పూర్తిగా తాగు, ప్లీజ్" అని పదేపదే అన్నారు. కొట్టలేదు, తిట్టలేదు. అయినా, ఏమీ అనకుండా వదిలేసినప్పుడే పిల్లలు ఎక్కువ తాగారు. వెంటపడి అడిగినప్పుడు ఆ సూపును తిట్టుకున్నారు. బతిమాలితేనే ఇలా ఉంటే, బుగ్గలు నొక్కితే వంకాయ మీద ఎంత మక్కువ పుడుతుందో ఊహించుకోండి.

ఇక రెండో పక్షానికి నాయకుడు మావయ్య. "రెండు పూటలు మాడ్చండి, వాడే దారికొస్తాడు." రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా కొత్త తిండికి జంకడం మామూలే. చాలామంది పెరిగేకొద్దీ మారతారు. కానీ కొందరికి మెత్తదనం, వాసన, రంగు భరించలేనంత బాధ. కొందరికి గొంతులో అడ్డుపడుతుందన్న భయం. తినేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. అవి దొరక్కపోతే ఆకలితో ఉంటారు గానీ నోరు తెరవరు. 2013లో మానసిక వైద్యులు ఆర్ఫిడ్ అనే పేరుతో దీని తీవ్ర రూపాన్ని రుగ్మతల జాబితాలో చేర్చారు. మన జాబితాలో దాని పేరు "తల్లికి పెంచడం చేతకాదు".

అన్నం వద్దంటే పాలున్నాయి కదా! గ్లాసు మీద గ్లాసు పట్టించి, ఆకలి చంపి, "వీడికి ఆకలే లేదు" అని ఏడుపు. పాలలో ఇనుము నామమాత్రం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రలో 63 శాతం. కారణాలు అనేకం. పాలతో కడుపు నింపడం మాత్రం దానికి మందు కాదు.

అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ ఈ తగవును ఎప్పుడో తీర్చారు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల పని. అంటే వేళకు అందరూ కలిసి కూర్చోవడం, వాడు తినే పెరుగన్నం పక్కనే చిటికెడు కొత్త కూర ఉంచడం. ముట్టుకోనివ్వండి, వాసన చూడనివ్వండి, పక్కకు తోసేయనివ్వండి. పది పదిహేనుసార్లు కనిపిస్తే గానీ కొత్త తిండి చుట్టం కాదు. మనం మూడోసారికే "వీడికి పడదు" అని రాసేస్తాం.

బరువు తగ్గుతున్నా, మింగడానికి ఇబ్బంది పడుతున్నా, తినేవాటి జాబితా కుదించుకుపోతున్నా పిల్లల వైద్యుడికి చూపించండి. మలబద్ధకం, రక్తహీనత వంటివి ఆయన పరీక్షిస్తారు. అవసరమైతే తిండి అలవాట్ల మీద పనిచేసే థెరపిస్టు దగ్గరికి పంపుతారు. కాకపోతే చిన్న చిక్కు. సూది డాక్టరొస్తాడని ఏడాదిగా బెదిరించినవాళ్లే ఆ గుమ్మం దగ్గర "భయపడకు నాన్నా" అనాలి.

భోజనాల దగ్గర మూతపడాల్సిన నోరు ఒకటుంది. అది పిల్లాడిది కాదు.