ఉప్పుకల్లు పద్యానికి టీకా తాత్పర్యాలు

ఆ.వె.
ఉన్న దొకటి విడిచె నుప్పుకై సోడియం
దాని నొడిసి పట్టె దగ్గరున్న
క్లోరి నపుడు రెండు గూడెను బంధమై
ఉప్పుకల్లు గాథ యొప్పె నిట్లు

ప్రతిపదార్థం: సోడియం = సోడియమను లోహము; ఉప్పుకై = ఉప్పగుట కొఱకు; ఉన్నది ఒకటి = తనకున్న ఒక్క ఎలక్ట్రానును; విడిచెన్ = వదలుకొనెను; దగ్గరున్న = చెంతనున్న; క్లోరిన్ = క్లోరినను వాయువు; దానిన్ = ఆ ఎలక్ట్రానును; ఒడిసి పట్టెన్ = చటుక్కున అందుకొనెను; అపుడు = పిమ్మట; రెండు = ఆ ఉభయులును; బంధమై = అయానిక బంధమై; కూడెను = కలిసెను; ఇట్లు = ఈ రీతిగా; ఉప్పుకల్లు గాథ = ఉప్పురాయి కథ; ఒప్పెన్ = చక్కగా నుండెను.

తాత్పర్యం: దానశీలియగు సోడియము తన సర్వస్వమును క్లోరినునకు ధారవోయగా ఉప్పు పుట్టెనని భావము. కవి నామధేయం తెలియదు. పదోతరగతి రసాయనశాస్త్రం ఒంటబట్టినవాడని మాత్రం తెలుస్తోంది.

విశేషాలు: "ఉన్న దొకటి" అనడం అతిశయోక్తి. సోడియానికి ఎలక్ట్రానులు 11. లోపల 2, ఆపై 8, చివర 1. పదింటిని కవి లెక్కలోంచి కొట్టేశాడు. అయినా క్షమించవచ్చు, బేరానికి వచ్చేది ఆ చివరిదే. రెండోదాన్ని కూడా లాగాలంటే మొదటిదానికి అయినదానికన్నా తొమ్మిది రెట్లకు పైగా శక్తి కావాలి.

"విడిచె" దగ్గర మాత్రం ఊరుకోరాదు. ఈ ఒక్క క్రియ చూసుకుని కొందరు వ్యాఖ్యాతలు సోడియాన్ని కర్ణుడి సరసన కూర్చోబెట్టారు. అది సాధువు కాదు. 23 గ్రాముల సోడియం ఆవిరి నుంచి, అనగా ఒక మోల్ నుంచి, ఆ చివరి ఎలక్ట్రానులను ఊడబెరకడానికి 496 కిలోజౌళ్లు ఖర్చు. వాటిని పుచ్చుకున్న క్లోరిన్ తిరిగి ఇచ్చేది 349. ఈ దానంలో 147 నష్టమన్నమాట. అంతటితో అయిందా? గట్టి లోహాన్ని ముందు ఆవిరి చేయాలి, దానికో 108. ఇక క్లోరిన్ బ్రహ్మచారి కాదు. వాయువులో రెండేసి పరమాణువులు ఒక ఎలక్ట్రాను జంటను ఉమ్మడిగా అనుభవిస్తూ కాపురముంటాయి. ఆ ఉమ్మడి బంధాన్ని 1916లో అమెరికాలో లూయిస్ వివరించాడు. ఎలక్ట్రాను పూర్తిగా చేతులు మారే బంధాన్ని అదే ఏడు జర్మనీలో కొసెల్ చెప్పాడు. ఆ కాపురం విడదీయడానికి మరో 121. మొత్తం 376 కిలోజౌళ్ల అప్పు. ఇంత అప్పు చేసి దానం చేసే దాత పురాణాల్లోనూ అరుదు.

"ఉప్పుకై" అనడమూ అంతే. ఉప్పు కావాలని సోడియానికి కోరికేమీ లేదు.

మరి అప్పు తీరేదెలా? కవికి తెలియకుండానే "దగ్గరున్న"లో దాచాడు. యతి కోసం వేసిన మాటే అయి ఉండాలి. పద్యానికి ప్రాణం మాత్రం అదే. ధన, రుణ అయాన్లు 0.282 నానోమీటర్ల దూరానికి చేరి పేర్చుకున్నప్పుడు 787 కిలోజౌళ్లు విడుదలవుతాయి. 376 పోగా 411 మిగులు. బోర్న్, హాబర్ మొదలైనవారు 1919లో తేల్చిన జమాఖర్చు ఇది. ఉప్పుకల్లును నిలబెట్టింది ఇచ్చిపుచ్చుకోవడం కాదు, ఆ చేరువ.

శంక: అయితే "రెండు గూడెను" అనడం సరైనదేనా?

సమాధానం: కాదు, పద్యంలో అసలు దోషం ఇక్కడే ఉంది. 1913లో లారెన్స్ బ్రాగ్ ఎక్స్-కిరణాలతో చూపినట్టు, ఉప్పుకల్లులో ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు, ప్రతి క్లోరిన్ చుట్టూ ఆరు సోడియాలు. ఎవరికెవరు జోడీ అంటే చెప్పేవారు లేరు. ఈ మాటకు ఇంగ్లండులో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ మండిపడ్డాడు. ఎనభయ్యో పడికి దగ్గరపడిన ఆ పెద్దాయన 1927లో 'నేచర్' పత్రికకు రాస్తూ, ఉప్పులో అణువే లేదట, చదరంగపు గళ్లలా పరమాణువులున్నాయట అని ఎద్దేవా చేశాడు. పూర్వపక్షం గట్టిదే. కాని స్ఫటికం ఆయన పక్షాన లేదు.

ప్రమాణం కావాలంటే నౌపడ ఉప్పుమళ్లలో తేలిన రాళ్లుప్పు చాలు. వెలుతురులో పెట్టి చూడండి, మొక్కపోని రాయికి మూలలు చతురస్రంగా ఉంటాయి. రోట్లో వేసి ఒక్క దెబ్బ కొట్టండి. నలగదు, సాగదు, నున్నటి ముఖాలతో చిట్లుతుంది. దెబ్బకు ఒక పొర జరిగి ధనానికి ధనం, రుణానికి రుణం ఎదురుపడతాయి. క్షణం పాటు కూడా ఓర్చుకోవు. అదే రాయిని పప్పులో వేస్తే కథ వేరు. నీటి అణువులు ఆక్సిజన్ వైపు సోడియానికీ హైడ్రోజన్ వైపు క్లోరిన్‌కూ తిప్పి ఒక్కోదాన్నీ చుట్టేసి లాక్కుపోతాయి. పక్కనున్నది ఏ క్లోరిన్ అన్నది అప్పుడే సోడియానికి అక్కర్లేదు. జంటలే అయితే జంటలుగానే కరగవలసింది.

కనుక మూడో పాదంలో "రెండు" తీసి "గుంపు" అని దిద్దుకోవాలి: "క్లోరి నపుడు గుంపు గూడెను బంధమై". గణం చెడదు, యతి చెడదు, బ్రాగ్ కూడా అభ్యంతరం చెప్పడు. పదోతరగతి పరీక్ష రాయబోయేవారు మాత్రం, మూల్యాంకనం ముగిసేదాకా, పాత పాఠాన్నే పఠించడం క్షేమం.