బావగారి మహానగరం

మా బావగారు పొద్దున బెంగళూరు సిల్క్‌బోర్డు కూడలి దగ్గర గంటసేపు బ్రేకు మీద కాలుంచి ఆఫీసుకెళ్తారు, సాయంత్రం అలాగే తిరిగొస్తారు, రాత్రి పదింటికి ఫ్లైఓవర్లు కట్టడం మొదలుపెడతారు. కాంట్రాక్టరు కాదు, సాఫ్ట్‌వేరాయన. కట్టేది సిటీస్ స్కైలైన్స్ అనే ఆటలో. మారతహళ్లిలో ఏ అపార్టుమెంటు తలుపు తట్టినా ఇలాంటివాడొకడు దొరుకుతాడు గనక పేరు చెప్పక్కర్లేదు.

ఫిన్‌లాండులో పట్టుమని పదిహేను మంది లేని కంపెనీ ఒకటి 2015లో ఈ ఆటను వదిలింది. కాస్త ఖాళీ నేల ఇస్తారు, కాస్త డబ్బిస్తారు, ఇక నీ ఇష్టం అంటారు. చంపాల్సిన రాక్షసుడు లేడు, గెలుపు అనేదే లేదు. “ఇంకా అవలేదా అండీ?” అని మా అక్క అడిగినప్పుడల్లా, “ఇది అయ్యే ఆట కాదే” అంటారు. అది నిజం. మా అక్క ఏడుపల్లా అదే.

పగలంతా ఎవరో రాసిచ్చిన పని, ఎవరో పెట్టిన గడువు. అందుకే అడిగేవాడు లేని ఆట కావాలంటారు. బాగానే ఉంది. కానీ ఆ స్వేచ్ఛ చేతికొచ్చిన వారంలోపే ఎక్సెల్ షీటు తెరిచారు. ఏ పేటకి ఎన్ని బస్సులు, ఏ కూడలిలో ఎన్ని లారీలు, మెట్రో ఎప్పటికల్లా. సోమవారం మీటింగంటే పళ్లు నూరే మనిషి, ఆదివారం తనతో తనే మీటింగు పెట్టుకుంటారు. దానికీ ఆలస్యంగానే వస్తారు.

ఆటలో ఆయన కట్టే ఊరి పేరు కొత్త తెనాలి. మురుగునీటి ప్లాంటుకు వాళ్ల మేనేజరు పేరు. పెద్దవీధికి మా అమ్మ పేరు పెట్టి ఆవిడకి ఫొటో పంపారు. అల్లుడు వెంచరు వేస్తున్నాడనుకుని ఆవిడ వీధంతా చూపించింది. అడ్వాన్సు ఎంతని ఇద్దరు ఫోన్లు కూడా చేశారు.

మొదట్లో మురుగును నదిలో ఎగువన వదిలి, మంచినీళ్ల పంపు దిగువన పెట్టారు. ఊరంతా మంచమెక్కింది. 2017లో మురుగుతో నిండిన బెళ్లందూరు చెరువు అంటుకున్నప్పుడు అధికారుల్ని వారంపాటు తిట్టిన మనిషి, ఆ రాత్రి మాత్రం, “ఊరు నడపడం మాటలు కాదురా” అన్నారు. ఇంకోసారి వేలమందిని ఒకేసారి కొత్త కాలనీల్లో దింపారు. అందరిదీ ఇంచుమించు ఒకే ఈడు. కొన్నాళ్లకి అందరూ ఒకేసారి పోవడం మొదలుపెట్టారు, శవవాహనాలేమో ట్రాఫిక్కులో ఇరుక్కున్నాయి. ఆయన అన్నం ముట్టలేదు. అక్క కంగారుపడి అడిగితే, “నాలుగువేల మంది పోయారే” అన్నారు. వంటింటి కుళాయి ఎన్నాళ్లుగానో కారుతోంది. దానికోసం ఒక్కపూట ఉపోషమున్న పాపాన పోలేదు.

అలాగని ఆయన బెంగళూరు పట్టనివారు కాదు. చెట్లు పోతాయని 2016లో స్టీలు ఫ్లైఓవరుకు అడ్డం తిరిగి, జనం రోడ్డు పొడుగునా చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు చూశారా, ఆ వరసలో బావగారూ ఉన్నారు. మరుసటేడు ప్రభుత్వం వెనక్కి తగ్గితే మాకందరికీ మైసూర్‌పాక్ పంచారు. అదే మనిషి కొత్త తెనాలిలో రింగురోడ్డు కోసం మౌసు ఒక్కసారి ఈడ్చి అడవి మొత్తం లేపేశారు. “మరి చెట్లో బావగారూ?” అన్నాను. “అభివృద్ధి కావాలా వద్దా?” అన్నారు. ఇల్లు కూల్చినా అక్కడ ఎవరూ కోర్టుకెళ్లరు, టీవీవాళ్లు రారు. 2017లో మొదలై ఏళ్ల తరబడి స్తంభాలతోనే నిలబడ్డ ఈజీపుర ఫ్లైఓవరు కింద రోజూ వెళ్లే మనిషికి, అనుకున్న వంతెన క్షణంలో లేస్తే ఎలా ఉంటుందో నాకు తెలియకపోలేదు. అందుకే పూర్తిగా తిట్టలేను.

మొన్న భోజనానికి పిలిస్తే వెళ్లి, కొత్త తెనాలిలో ఒక సిగ్నలు తీసేసి రౌండబౌటు పెట్టమన్నాను. కాదన్నారు. మాటామాటా పెరిగి, రాత్రి ఒంటిగంటకి లారీల మళ్లింపు మీద ఇద్దరం అరుచుకుంటుంటే అక్క లేచొచ్చింది. లైటార్పేస్తుందనుకున్నాం. తెరకేసి కాసేపు చూసి, “బడి పక్కన ఫ్యాక్టరీ ఏంటండీ, బుద్ధుందా?” అంది. తెల్లారేసరికి ఫ్యాక్టరీ లేదు. ఇప్పుడు విద్య, ఆరోగ్యం అక్క శాఖలు. రోడ్లు మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వరు.