రోము పోస్టుకార్డు: టీకా తాత్పర్య విశేష సహితము

అవతారిక

తెనాలి కాపురస్థుడగు ఒక గృహస్థు సకుటుంబముగా రోము నగరమునకు పోయి, ఊరనున్న తమ్మునికి వ్రాసిన పోస్టుకార్డుపై ఈ పద్యము కలదు. కార్డునకు ఒకవైపు కొలొస్సియము బొమ్మ. రెండవవైపు కుడి సగము చిరునామాకు పోగా మిగిలిన జాగాలో వచనము పట్టదు గనుక కవి ఆటవెలదిని ఆశ్రయించెను. వాట్సాపు ఉండగా కార్డేల యందురా, కవి తల్లి వాట్సాపు చూడదు. చూచినను దానిని దిండుక్రింద పెట్టుకొనుట కుదరదు.

మూలము

రోముఁ జూచినాము రొక్కమ్ము మిగిలెను
కాళ్ళు నొచ్చెఁ గాని కడుపు నిండె
అమ్మతోడఁ జెప్పు మందఱుఁ గుశలమే
బిళ్ళఁ గొంటి నిపుడె బెంగ వలదు

ప్రతిపదార్థము

రోమున్ = రోము నగరమును; చూచినాము = టికెట్టు కొన్నంత మేరకు చూచితిమి; రొక్కమ్ము = యూరోలు; మిగిలెను = పూర్తిగా పోలేదు; కాళ్ళు నొచ్చెన్ = కాళ్ళు నొప్పిపెట్టెను; కాని = అయినను; కడుపు నిండెన్ = తెచ్చుకొన్న కందిపొడిచేత ఆకలి తీరెను; అమ్మతోడన్ = అమ్మతో; చెప్పుము = బిగ్గరగా చదివి వినిపింపుము; అందఱున్ = మనుష్యులందఱును; కుశలమే = క్షేమమే; బిళ్ళన్ = తపాలా బిళ్ళను; ఇపుడె = కార్డు కొన్న అంగడిలోనే; కొంటిని = కొన్నాను; బెంగ వలదు = ఖర్చులు అడుగవలదు.

తాత్పర్యము

తమ్ముడా, మేము బాగున్నాము. వివరములు వచ్చిన పిదప, అమ్మ నిద్రించిన తరువాత చెప్పెదను.

విశేషములు

"రోముఁ జూచినాము": రోము ఒక ఊరే యనుకొనరాదు. దాని కడుపులో మఱియొక దేశము కలదు. 1929 ఫిబ్రవరిలో కుదిరిన లాటరన్ ఒడంబడికచే వాటికను స్వతంత్ర రాజ్యమై, ఆ ఆగస్టునుండి సొంత తపాలా బిళ్ళలు వేసికొనుచున్నది. సెయింట్ పీటర్సు ప్రాంగణము అంచున ఒక అడుగు ఇటు వేసిన ఇటలీ, అటు వేసిన వాటికను. పాస్‌పోర్టు అడుగువాడు లేడు గాని బిళ్ళ మాఱును. ఈ సంగతి నాలుగవ పాదమున పనికి వచ్చును.

"రొక్కమ్ము మిగిలెను": ఇందు ఫలము చెప్పి కారణము దాచినాడు. ఆ కారణమును మేము చెప్పెదము. కొలొస్సియము ముంగిట ఎఱ్ఱ తురాయి శిరస్త్రాణములు తగిలించుకొన్న రోమను వీరులు తిరుగుచుందురు. భుజముపై చేయి వేసి ఫోటోకు నవ్వుదురు. వెల ఫోటో తీసిన పిదప తెలియును. నగరాధికారులు 2015 లో వీరిని నిషేధించుచు ఆజ్ఞ వెలువరించిరి. ఆజ్ఞలును వచ్చుచున్నవి, వీరులును వచ్చుచున్నారు. వీరిని దాటిన కంకణధారులు. "ఇండియానా? షారుఖ్ ఖాన్!" అని ఆప్యాయముగా పలుకరించి మణికట్టుకు రంగుదారము చుట్టి ముడివేయుదురు. ముడి పడువఱకు కానుక, పడిన పిదప బాకీ. కవి చేతులు రెండును జేబులలో నుంచుకొని నడచెనని ఐతిహ్యము. అది చలిచేత కాదు. ఇక గులాబీలవారు. వీరు పువ్వును భార్య చేతిలో పెట్టి భర్తవైపు చేయి చాతురు. ఇచ్చినచో డబ్బు పోవును, ఈయనిచో పరువు పోవును. కవిపత్ని పువ్వు వాసన చూచి, "మా పెరటివి ఇంతకంటె నయం" అని వాని చేతిలోనే పెట్టెను. ఈ ఘట్టమును కవి వర్ణింపకపోవుట పెద్ద లోపము.

రోములో నిజముగా ఉచితమైనది నీరు. 1874 నుండి వీధులలో ఇనుప స్తంభములవంటి కొళాయిలు నిలిపినారు. అవి నేడు సుమారు 2,500. సీసా పట్టుకొన్నవానికి నీటిఖర్చు లేదు.

"కాళ్ళు నొచ్చెఁ గాని": అరుగు కనబడిన కూర్చుండు జాతివారమగుట ఇందుకు హేతువు. స్పానిష్ మెట్లు ఎంత అందమైనవో అంత కూర్చుండరానివి. 2019 నుండి అచట కూలబడినవారికి 250 యూరోలు మొదలుకొని జరిమానా కలదు.

"కడుపు నిండె": పాస్తాచేత నని కవి తోడల్లుని మతము. అది నిలువదు.

రెండవ పాదాంతమున "నిండె", వెంటనే "అమ్మ": ఇచట సంధి లేదు. కార్డు అంచు వచ్చుటచేత నని కొందఱు, అమ్మను కడుపుతో కలుపక విడిగా నిలుపుట భక్తిచేత నని కొందఱు. వ్యాకరణము రాకపోవుటచేత నని తోడల్లుడు.

"అందఱుఁ గుశలమే": "అందఱు" అనుటచే మనుష్యులకే కుశలము, ఫోనుకు కాదని ధ్వని. రైల్వేస్టేషనునుండి వాటికను వైపు పోవు 64 నంబరు బస్సు జేబుదొంగలకు పేరుపడినది. కవి కుమారుడు ఆ బస్సులోనే నిలుచుండి సెల్ఫీ తీసికొనెను. ఉన్నదానిని మఱుగుపఱచుటచే ఇందు అపహ్నుతి.

"బిళ్ళఁ గొంటి నిపుడె": పద్యమునకు ఆయువుపట్టు ఇచటనే కలదు. కార్డు అమ్మినవాడే "స్టాంపు కూడ ఇచ్చెదను" అనినచో ఎవరికి సందేహము పుట్టును? ఇటలీలో ప్రభుత్వ తపాలావారి బిళ్ళలే గాక ప్రైవేటు సంస్థల బిళ్ళలును యాత్రికుల దుకాణములలో దొరకును. వానిపై క్యూఆర్ కోడు ఉండును. కార్డు ఎచట నున్నదో ఫోనులో చూడవచ్చునని ఊరింతురు. కాని ఆ కార్డును ఆ సంస్థవారి పెట్టెలోనే వేయవలెను. వీధిగోడకున్న ఎఱ్ఱ పెట్టె వారిది కాదు.

శంక: ఇది మోసమా? సమాధానము: చట్టము దీనిని వ్యాపారమే యనును. పెట్టె సంగతి చెప్పక బిళ్ళ అమ్మినవానిని మేము మాత్రము రోమను వీరునికంటె గడుసువాడందుము. ఆ వీరుడు కనీసము కత్తి పట్టుకొని నిలుచును. వానిచేత పోయినది అప్పుడే తెలియును. ఇచట పోయినది నెలల తరువాత, అదియు పోస్టుమాను కొఱకు గుమ్మమున చూచుచున్న తల్లికి తెలియును, కొన్నవానికి తెలియదు.

కావున "టి" అక్షరపు బోర్డుగల పొగాకు దుకాణమునకో తపాలా కార్యాలయమునకో పోయి, "ఇండియాకు ఫ్రాంకోబొల్లో" అని అడుగవలెను. బిళ్ళపై "ఇటాలియా" అను పేరును, ఆసియాకు సరిపడు రెండవ జోను గుర్తును చూచుకొనవలెను. ఎఱ్ఱ పెట్టెకు నోళ్ళు రెండు: ఎడమది ఊరిలోని ఉత్తరములకు, కుడిది తక్కిన లోకమునకు. తెనాలి తక్కిన లోకము. వాటికను బిళ్ళ అంటించినచో వాటికనులోని పసుపు పెట్టెలోనే వేయవలెను.

చిరునామా తెలుగులో వ్రాసినను చెల్లును. చివరి పంక్తిలో దేశము పేరు మాత్రము రోమను పెద్ద అక్షరములలో ఉండవలెను. ఇటలీవారు చదువునది ఆ ఒక్క మాటయే. దేశములోనికి వచ్చిన పిదప 1972 లో పుట్టిన పిన్‌కోడు చూచుకొనును. మొదటి అంకె 5 తెలంగాణ, కర్ణాటక, ఆంధ్రములది గనుక 522201 అని చూడగానే కార్డు ఇటువైపు తిరుగును.

పాఠాంతరము

మూలప్రతిని భూతద్దముతో పరిశీలింపగా "నిపుడె" అను చోట గీత కొట్టి, పైన సన్నని అక్షరములతో "మఱల" అని వ్రాసినట్లు కనబడుచున్నది. "బిళ్ళఁ గొంటి మఱల" అనియు గణములు సరిపోవును. కార్డుపై క్యూఆర్ కోడు బిళ్ళ ఒకటి, దాని ప్రక్కన "ఇటాలియా" బిళ్ళ ఒకటి కలవు. తపాలా ముద్ర రెండవదానిపైననే పడినది. కార్డు తెనాలి చేరినది గనుక "మఱల" అను పాఠమే గ్రాహ్యము.