రెండు కొబ్బరికాయలు, మూడేళ్ళ రెక్కలు

కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయం ఎంత గట్టిదంటే, ఇద్దరు ముఖ్యమంత్రులు రెండుసార్లు ప్రారంభించినా చెక్కు చెదరలేదు. 2019 జనవరి 8న చంద్రబాబు నాయుడు గారు ప్రారంభించారు. ఎన్నికలు తరుముకొస్తున్నాయి కాబట్టి విమానాలు లేవన్న చిన్న లోటును ఎవరూ పట్టించుకోలేదు. 2021 మార్చి 25న జగన్మోహన్ రెడ్డి గారు అదే విమానాశ్రయాన్ని ఇంకోసారి ప్రారంభించి, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఆ నెల 28న గానీ ఇండిగో విమానం బెంగళూరుకు, చెన్నైకి, విశాఖకు ఎగరలేదు. మా వైపు పెళ్ళి ఒకసారే చేస్తారు, అదీ పెళ్ళికొడుకు వచ్చాక. విమానాశ్రయాలకు ఆ ఆచారం వర్తించదని ఓర్వకల్లు చూశాకే తెలిసింది.

ఇందులో మా కోడుమూరుకు ఏమొచ్చిందని అడగడం అమర్యాద. అయినా బస్టాండులో కూర్చున్నవాళ్ళకు మర్యాదలతో పనేముంది? ఒక పెద్దాయన బెంగళూరులో మేస్త్రీ పని చేస్తున్న కొడుకు దగ్గరికి బయలుదేరాడు. మూటాముల్లె పక్కన పెట్టుకుని బీడీ వెతుక్కుంటున్నాడు. "ఇమానంలో పోరాదా పెద్దాయనా, గంటలో దిగుతావు" అన్నాడు పక్కనున్న కుర్రోడు.

"పోదును గానీ, దాని దగ్గరికి పోవాలంటే రెండు బస్సులెక్కాల. కర్నూలుకొకటి, ఆడినుంచి ఓర్వకల్లుకొకటి. రెండెక్కేవాణ్ణి ఆ రెండోది బెంగుళూరి బస్సే ఎక్కితే సరిపాయె గదబ్బా!"

నీతి ఆయోగ్‌లో ఇంత సూటిగా లెక్క కట్టగలిగేవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలీదు. బెంగళూరు మాకు దక్షిణాన ఉంది. విమానం ఎక్కాలంటే ముందు ఈశాన్యంగా కర్నూలు పోవాలి, అక్కణ్ణించి ఆగ్నేయానికి తిరిగి ఓర్వకల్లు పోవాలి, అక్కడ నడుం బెల్టు బిగించుకుని మళ్ళీ దక్షిణానికి ఎగరాలి. గంటకు ముందే రమ్మంటారు కాబట్టి పొద్దున్నే లేవాలి. ఇంత చేసి బెంగళూరులో దిగితే ఊరికి దూరంగా దేవనహళ్ళిలో దింపుతారు. అక్కణ్ణించి ఇంకో బస్సు. ఆకాశయానం మొత్తమ్మీద మూడు బస్సుల మధ్య కాసేపు విశ్రాంతి అన్నమాట.

హవాయి చెప్పులు వేసుకున్నవాడు కూడా విమానం ఎక్కాలన్నది ప్రధాని గారి కోరిక. ఉడాన్ పథకం పునాదే అది. 2017 ఏప్రిల్ 27న ఆయన సిమ్లాలో నిలబడి జెండా ఊపితే, అక్కడ సిమ్లా-ఢిల్లీ విమానంతో పాటు ఇక్కడ కడప-హైదరాబాద్ విమానం కూడా లేచింది. గంట ప్రయాణానికి అప్పట్లో టికెట్టు 2,500 రూపాయలు, అదీ దాదాపు సగం సీట్లకే. నష్టం వస్తే ప్రభుత్వం మూడేళ్ళపాటు పూడుస్తుంది. అందులో ఐదో వంతు రాష్ట్రం వాటా. భూమి ఉచితం, పోలీసులు ఉచితం, అగ్నిమాపక దళం ఉచితం. ఇన్ని ఉచితాలు పేదవాడి రేషన్ కార్డు మీద రాస్తే, టీవీ స్టూడియోల్లో ఆర్థికవేత్తలు గుండెలు బాదుకుని దేశం దివాలా తీస్తుందనేవారు. విమాన కంపెనీ కార్డు మీద రాస్తే దాని పేరు 'వయబిలిటీ గ్యాప్ ఫండింగ్'. తిండికైతే తాయిలం, రెక్కలకైతే ప్రోత్సాహకం. పేరు ఇంగ్లీషులో ఉంటే సబ్సిడీకి సిగ్గుండదు.

మూడేళ్ళన్న గడువు దగ్గర కర్నూలు వాడికి ఓ నవ్వు వస్తుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయ్యింది. గుడారాల్లో ఆఫీసులు పెట్టుకుని, ఎండకూ దుమ్ముకూ ఓర్చుకుని పరిపాలన సాగించారు. మూడేళ్ళకు, 1956లో, గుడారాలు పీక్కుని హైదరాబాదుకు పోయారు. మూడేళ్ళ వైభవం మాకు కొత్తేమీ కాదు, ఆ విద్యలో మేము సీనియర్లం. మాకు రాజధాని దక్కిన ఆ 1953లోనే హైదరాబాదు ఒకటి పోగొట్టుకుంది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. బేగంపేట నుంచి డకోటాలు నడిపిన కంపెనీ అది. తెలుగు నేల మీద పుట్టిన విమాన కంపెనీల్లో మూతపడక ముందే ఇంకొకరు లాక్కోదగినంత విలువున్నది బహుశా అదొక్కటే. తర్వాతివాటిని లాక్కునేవాడే దొరకలేదు.

విజయవాడలో 2013 అక్టోబరులో ఎయిర్ కోస్టా లేచింది. ఎంబ్రాయెర్ జెట్‌లు తెచ్చింది, 2017 ఫిబ్రవరి నాటికి నేల మీద కూర్చుంది. కడపలో 2015 జూన్ 7న విమానాశ్రయం తెరిచారు, బెంగళూరు నుంచి ఎయిర్ పెగాసస్ వచ్చి దిగింది. పెగాసస్ అంటే గ్రీకుల రెక్కల గుర్రం. ఏడాది తిరిగేసరికి గుర్రం లేదు, రెక్కలు లేవు, కడపలో లాయం మిగిలింది. తర్వాత ట్రూజెట్. రామ్ చరణ్ ముఖం, హైదరాబాద్ చిరునామా, 2015 జూలైలో తొలి ప్రయాణం. ఉడాన్ వచ్చాక కడపను హైదరాబాదుకు కలిపింది ఇదే. కరోనా కొట్టింది, అప్పులు మీద పడ్డాయి, 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. సినిమా వాళ్ళ అదృష్టం చూడండి. 2019లో రామ్ చరణ్ నిర్మించగా చిరంజీవి నటించిన 'సైరా నరసింహారెడ్డి' వచ్చింది. 2021లో ఆ వీరుడి పేరు ఓర్వకల్లు విమానాశ్రయానికి వచ్చింది. కానీ అక్కణ్ణించి ముందుగా ఎగిరింది ఇండిగో. కథ మనది, హీరో మనవాడు, సెట్టు మనది, కలెక్షన్లు గుర్గావ్‌కు.

ఆ పేరు పెట్టినవాళ్ళు చరిత్ర చదివి పెట్టారో, చదవక పెట్టారో గానీ భలే కుదిరింది. నరసింహారెడ్డి తిరుగుబాటు 1846లో తవర్జీ గొడవతో రాజుకుంది. పాలెగాళ్ళ భూములు లాక్కుని కంపెనీ వాళ్ళు విదిలించే పింఛను అది. కోయిలకుంట్ల ఖజానా దగ్గర జరిగిన అవమానం ఆయన చేత కత్తి పట్టించింది. 1847 ఫిబ్రవరి 22న ఉరి తీశారు, తలను ముప్పై ఏళ్ళు కోట గుమ్మానికి వేలాడదీశారు. అప్పుడు తవర్జీ దగ్గర తేడా వస్తే రెడ్డి గారు కంపెనీ మీద కత్తి దూశారు. ఇప్పుడు తవర్జీ ఆగితే కంపెనీలే రెక్కలు ముడుచుకుంటున్నాయి. కంపెనీ అన్న మాట ఒక్కటే రెండు కాలాల్లోనూ మారలేదు.

ఇది నా అక్కసు అనుకునేవారు కాగ్ గారిని అడగొచ్చు. 2023లో పార్లమెంటు ముందుకొచ్చిన నివేదికలో ఉడాన్ మూడో విడత దాకా కేటాయించిన 774 మార్గాల జాతకం ఉంది. 403 మార్గాల్లో విమానం అసలు లేవనేలేదు. లేచిన 371లో మూడేళ్ళు పూర్తి చేసినవి 112. డబ్బు ఆగాక కూడా ఎగురుతూ ఉన్నవి 54. అంటే నూటికి ఏడు. పదో తరగతిలో ఏడు మార్కులొస్తే మా కోడుమూరు బడిలో పిల్లవాణ్ణి వచ్చే ఏడు గొర్రెలు కాయమంటారు. ఢిల్లీలో ఐదో విడత ప్రకటిస్తారు.

ఏం మోయాలో ముందు తేల్చుకుని విమానం కొన్న కథ ఒకటి ఇండోనేషియాలో ఉంది. అక్కడ పదిహేడు వేల దాకా దీవులున్నాయి, దీవికీ దీవికీ మధ్య సముద్రం. ఇక్కడ కోడుమూరుకూ విమానాశ్రయానికీ మధ్య ఆర్టీసీ. దాటడం ఏది కష్టమో తర్వాత తేల్చుకుందాం. అక్కడ జావా దక్షిణ తీరాన పంగందరాన్ అనే ఊళ్ళో సుసి పుజియస్తుతి అనే ఆవిడ చేపలమ్మేది. హైస్కూలు చదువు మధ్యలో మానేసిన మనిషి. ఆమె కొనే లాబ్‌స్టర్లు, అంటే గుప్పిట్లో పట్టనంత పెద్ద సముద్రపు రొయ్యలు, రోడ్డు మీద జకార్తా చేరేలోపు చచ్చేవి. బతికున్నదానికో ధర, చచ్చినదానికో ధర. ఆవిడ బ్యాంకులో అప్పు చేసి 2004లో రెండు చిన్న సెస్నా విమానాలు కొంది. ఆ డిసెంబరు 26న సునామీ అచేను ముంచెత్తితే, రోడ్లు తెగిన చోటికి అవే తిండీ మందులూ మోశాయి. సహాయ సంస్థలు అద్దెకు అడిగాయి. అలా సుసి ఎయిర్ పెరిగింది, పెద్ద కంపెనీలు చూడని కొండ ఊళ్ళకు, చిన్న దీవులకు పోయింది. అక్కడా అలాంటి దారులకు ప్రభుత్వం సాయం చేస్తుంది, కాదనను. ఆవిడ 2014లో ఆ దేశానికి మత్స్యశాఖ మంత్రి కూడా అయ్యింది. ఇక్కడ ముందు మంత్రి, తర్వాత విమానాశ్రయం, ఆ తర్వాత విమానం. ఏం మోయాలన్న ప్రశ్న అన్నిటికంటే చివర వస్తుంది, ఒక్కోసారి రానే రాదు.

పక్క దేశాన్ని మరీ నెత్తికెత్తుకోవద్దు లెండి. వాళ్ళ జాతీయ విమాన సంస్థకు మన గరుత్మంతుడి పేరే. 2019లో కొత్తగా వచ్చిన ఎయిర్‌బస్‌లో దొంగచాటుగా తెచ్చిన హార్లీ డేవిడ్‌సన్ మోటార్‌సైకిల్ విడిభాగాలు దొరికి, గరుడ అధిపతి ఉద్యోగం ఊడింది. విష్ణుమూర్తి వాహనం మీద ఇంకో వాహనం. అంతకు కొన్నేళ్ళ ముందు అధిపతిగా చేసినాయన ఇంజన్ల లంచాల కేసులో జైలుకు పోయాడు. టైప్‌రైటర్లు అమ్మిన రుస్ది కిరానా తన సోదరుడితో కలిసి పెట్టిన లయన్ ఎయిర్ 2000లో ఎగిరింది. 2011లో బాలిలో ఒబామాను పక్కన నిలబెట్టుకుని 230 బోయింగులు, 2013లో పారిస్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడి ముందు 234 ఎయిర్‌బస్‌లు కొంటానన్నాడు. అప్పటికి ఆ కంపెనీకి యూరప్ ఆకాశంలో ప్రవేశమే లేదు, 2007 నుంచి 2016 దాకా నిషేధం. 2018 అక్టోబరు 29న దాని కొత్త బోయింగ్ సముద్రంలో కూలి 189 మంది పోయారు. ఆ విషయంలో వ్యంగ్యం నోట రాదు. దేశాధ్యక్షుల ఫోటోలు విమానాల్ని గాల్లో నిలబెట్టవన్న మాటొక్కటి మాత్రం జకార్తాకూ ఓర్వకల్లుకూ సమానం.

సరే, మోయడానికి ఇక్కడ సరుకు లేదా అంటే, ఉంది. కోడుమూరు మగ్గాల మీద గద్వాల్ చీరలు నేస్తారు. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. పట్టు అంచు పోగును నూలు ఒంటి పోగుతో ఒక్కొక్కటిగా మెలేసి కలపాలి, పక్కన ఇంకో చెయ్యి సాయం ఉండాలి. చేత్తో తాకితే అతుకు తగలకూడదు, తగిలితే షావుకారు ధర కోస్తాడు. మడత పెడితే చేతిసంచిలో పట్టే సరుకు, విమానం కట్టించుకోగల విలువున్న సరుకు. అది పేరు కూడా పక్క ఊరిది పెట్టుకుని షావుకారు కారు డిక్కీలో పోతుంది. ఇక ఉల్లి. 2025లో ధర పడిపోతే ప్రభుత్వం క్వింటా 1,200 రూపాయలకు కొంటామన్నాక కర్నూలు మార్కెట్ యార్డు ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఉల్లిని విమానంలో పంపమని ఎవరూ అనడం లేదు. ఆరబెట్టి దాచుకోవడానికి ఓ గిడ్డంగి కావాలన్నారంతే. గిడ్డంగికి రిబ్బను కత్తిరిస్తే ఫోటో బాగా రాదు కాబోలు.

2025 జూలై 2 నుంచి కర్నూలు-విజయవాడ విమానం కూడా వచ్చింది. సోమ, బుధ, శనివారాల్లో. ఈ విమానం దారి మా వాళ్ళకు బాగా తెలిసిన దారే. ఖరీఫ్ తేలిపోయాక సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయేది అటే. గుంటూరు, పల్నాడు మిరప చేలకు. పిల్లలకు బడి మాన్పించి, సట్లు, చాపలు, బియ్యం మూట వేసుకుని బొలెరోలో ఇరవై మంది కుదురుకుంటారు. ఇప్పుడు వాళ్ళకు సౌకర్యమే. కూలి మేస్త్రీ సోమవారం, బుధవారం, శనివారం మాత్రమే మిరపకాయలు పండేలా రైతులతో మాట్లాడితే చాలు.

రైలు మాట ఎత్తకూడదనుకున్నాను, ఆగలేకపోతున్నాను. కోడుమూరు మండలం లద్దగిరి కోట్ల వారి ఊరు. తండ్రి విజయభాస్కర రెడ్డి గారు రెండుసార్లు ముఖ్యమంత్రి. కొడుకు సూర్యప్రకాశ్ రెడ్డి గారు 2012లో రైల్వే సహాయ మంత్రి. మంత్రాలయం-కర్నూలు రైలు కోసం మూడు తరాలు అర్జీలు రాశాయి. కోడుమూరులో ఈరోజుకీ రైలు కూత వినిపించదు. ఇంటి గడపలో రైల్వే మంత్రి ఉండగా రాని రైలు, ఇంక ఎవరి గడప తొక్కితే వస్తుంది? దేవుడి దయవల్ల 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఒంటి కాలి మీదైనా నిలబడి కర్నూలు దాకా పోయి ఆస్పత్రి చూపించుకొస్తున్నారు. ఆ బస్సుకు ప్రారంభోత్సవాలు తక్కువ, ప్రయాణికులు ఎక్కువ. ఉడాన్ లెక్కల్లో ఈ రెండూ తలకిందులు.

విమానం వద్దని కాదు. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు ఓర్వకల్లు గేటు ముందు కర్నూలుకో బస్సు నిలబడాలి. విమానం ఏ రోజు రద్దయ్యిందో ముందురోజే చెప్పాలి. మూడేళ్ళకు ఏ కంపెనీకి ఎంత ముట్టిందో, ఎన్ని సీట్లు నిండాయో కోడుమూరు బస్టాండు గోడ మీద రాయాలి. రేషన్ షాపు ముందు మా వాళ్ళ బియ్యం లెక్క రాస్తారు కదా, అలాగే. గోడకు సున్నం మేమే కొట్టుకుంటాం.

ఆ గోడ సంగతి తేలేలోపు ఓర్వకల్లులో డ్రోన్ సిటీ అంటున్నారు. ఇది మాత్రం సరైన ఆలోచన. అందులో పైలట్ ఉండడు, ప్రయాణికుడు ఉండడు, టికెట్టు అడిగేవాడు ఉండడు, ఆలస్యమైందని అరిచేవాడు ఉండడు. సీట్లు ఖాళీగా పోతున్నాయని ఏ కాగూ రాయలేదు.