మూడొందల వోల్టుల ప్రసాదం

మహారాజశ్రీ విద్యుత్ పంపిణీ సంస్థ సీఎండీ గారి దివ్య సముఖమునకు, తమ వినియోగదారుడు సవినయంగా చేసుకొను విన్నపము.

మేము డబ్బు కట్టేది 230 వోల్టుల కరెంటుకే అయినా, మొన్న ఆదివారం గాలివాన వేళ తమరు ఉదారబుద్ధితో మూడొందల పైచిలుకు ప్రసాదించారు. ధన్యులం. టీవీ, సెట్‌టాప్ బాక్సు, వైఫై రౌటరు, మా అబ్బాయి ఆఫీసు లాప్‌టాప్ చార్జరు ఆ ప్రసాదం పుచ్చుకుని అక్కడికక్కడే మోక్షం పొందాయి. ఇక మర్యాదగా రాయడం నా వల్ల కాదండీ. ఆ టీవీకి ఇంకా ఈఎంఐలు కడుతున్నాను!

గాలికి న్యూట్రల్ ఊడిందట. ఊడలేదు, ఊడేదాకా మీరు వదిలేశారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆ జాయింటు నిప్పురవ్వలు రాలుస్తోందని వేసవి మొదట్లోనే 1912కి ఫోన్ చేశాం. మనిషి రాలేదు. ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది’ అని మెసేజ్ మాత్రం వచ్చింది. ఎవరు పరిష్కరించారు? ఏ స్తంభమెక్కి?

న్యూట్రల్ పోతే ఫేజుల మధ్యనున్న 400 వోల్టులు ఇళ్ళమీద పడి ఎలా పంచుకుంటాయో మీకు నేను చెప్పాలా? లోడు ఎక్కువున్న ఫేజుకి తక్కువ, లోడు తక్కువున్న ఫేజుకి ఎక్కువ. ఏసీలు నడుస్తున్న ఎదురు వరస ఇళ్ళలో బల్బులు ప్రమిదల్లా మినుకుమన్నాయి, అంతే. తలా ఒక ఫ్యాను, ఒక లైటు వేసుకుని కూచున్న మా వరస మీద పడింది మిగతాదంతా. ‘విద్యుత్తును ఆదా చేయండి’ అని నీతులు అచ్చేయించేది మీరే కదా! ఆదా చేసినవాడి టీవీయే కాలింది. పక్కింటి పెద్దావిడ ఒక్క జీరో బల్బు వెలుతురులో జపం చేసుకుంటోంది, ఆవిడ ఫ్రిజ్ కంప్రెసర్ కూడా పోయింది. మా ఫ్రిజ్‌కి స్టెబిలైజరు ఉండబట్టి, అది చచ్చి దాన్ని బతికించింది.

‘స్పైక్ గార్డు పెట్టుకోకపోయారా?’ అన్నారు మీ ఆఫీసులో. పెట్టుకున్నానండీ. దాన్లో ఉండే చిన్న బిళ్ళ పిడుగుపాటుకి రెప్పపాటులో వచ్చిపోయే కెరటాన్ని మింగగలదేమో గానీ, నిమిషాల తరబడి మీరు కుమ్మరించే హై వోల్టేజిని కాదు. టీవీకంటే ముందు కాలింది అదే. సర్వీసు సెంటరువాళ్ళు టీవీ వెనక మూత విప్పి, ‘పవర్ బోర్డు పోయింది సార్, వోల్టేజి వల్ల పోతే వారంటీ రాదు’ అన్నారు. మీటరు బోర్డు దగ్గర ఓవర్ వోల్టేజి కటాఫ్ పెట్టించుకోమని ఎలక్ట్రీషియన్ సలహా. మీ బోల్టు వదులైనందుకు నేను పరికరం కొనాలన్న మాట!

1956 నాటి నిబంధనల్లోనే ఉంది, ఇళ్ళకిచ్చే వోల్టేజి నూటికి ఆరు పాళ్ళకు మించి అటూ ఇటూ కాకూడదని. 2020లో వినియోగదారుల హక్కులంటూ కేంద్రం మళ్ళీ నిబంధనలు తెచ్చింది. పరిహారం అన్న మాట వాటిలో ఉంది. ఆ మాట నేను ఎత్తగానే మీ ఆఫీసులో అందరికీ ఒకేసారి భోజనాల వేళయింది. బిల్లు గడువు దాటితే మాత్రం ఫ్యూజు పీకడానికి మీ మనిషి ఎండనకా వాననకా వస్తాడు.

అదనపు డిపాజిట్ కట్టమన్నారు, కట్టాం. ఎప్పుడో వాడేసిన కరెంటుకి సర్దుబాటు చార్జీలన్నారు, అవీ కట్టాం. కొమ్మలు కొట్టడానికని పూటంతా కరెంటు తీసి, కొట్టిన కొమ్మల్ని మా గుమ్మంలో పడేసి పోయారు, ఊరుకున్నాం. మొన్నటి ఆ గాలివాన రాత్రి స్తంభమెక్కిన కుర్రాడి చేతులకి గ్లౌజులు కూడా లేవు. అతన్ని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు.

టీవీ సంగతి వదిలేయండి సార్. పరిహారం అర్జీ మీ సెక్షన్ ఆఫీసులో ఇచ్చాను, ఎప్పటికి తేలితే అప్పటికే తేలనివ్వండి. ఆ న్యూట్రల్‌కి ఇప్పుడు తీగ చుట్టి పోయారు, బిగించలేదు. ఆకాశం మళ్ళీ మబ్బు పట్టింది. మా ఆవిడ ఉరుము వినబడితే చాలు, ఇల్లంతా తిరిగి ప్లగ్గులు పీకుతోంది. దయచేసి ఒక మనిషిని పంపించి ఆ జాయింటుకి సరైన క్లాంపు వేయించండి. ఎండిపోయిన ఎర్తు గుంతలో ఇన్ని నీళ్ళు పోయించండి. నిచ్చెన లేదంటారేమో, మా ఇంట్లో ఉంది. నీళ్ళు కూడా మేమే పోస్తాం.

ఇట్లు
తమ సర్వీసు నంబర్లలో ఒకటి